నా రెండు చేతుల సాక్ష్యం

ప్రొద్దుటూరు.

నా బిడ్డ దిల్షాద్‌బీకి దువాలు.

అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. ఈసారి ఆ మాట సగమే నిజం. నేను బతికే ఉన్నాను. పెరట్లో మీ అమ్మ నాటిన గోరింట చెట్టు బాగుంది. నీ కూతురు ఇష్రత్ బాగాలేదు. ఫోన్‌లో చెబుదామంటే మీ మేడమ్ శుక్రవారం తప్ప నీకు ఫోన్ ఇవ్వదు, ఇచ్చిన రోజు నువ్వు నన్ను నాలుగు మాటలు కూడా మాట్లాడనివ్వవు. సెలవు మీద వచ్చిన అన్సర్ మళ్లీ కువైట్ వస్తున్నాడు గనుక ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారుపడకు. కారణం తర్వాత చెబుతాను.

అన్సర్ తెచ్చిన నీ ఉత్తరం చదివాను. ఇష్రత్ చేతులు తగ్గాయా అని అడిగావు. తగ్గలేదు. మెహందీ రోజున అరచేతుల నిండా వేసిన తీగలూ పువ్వులూ ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడే బొబ్బలు లేచాయి. రంగు పోయింది, బొమ్మ మాత్రం పుండై మిగిలింది. అన్నం కూడా నేనే కలిపి పెడుతున్నాను.

మగపెళ్లివారికి నూనె పడిందనే చెప్పారు కదా అని అడిగావు. చెప్పారు. నీ బావగారు అలీ అహ్మద్ పులివెందులలో టైర్లకు పంక్చర్లు వేసినట్టే దీనికీ అతుకు వేశాడు. "కాగిన నూనె పడిందని చెప్పు మామా. మగపెళ్లోళ్ల మీద నింద ఏస్తే నికా నిలుస్తాదా?" అన్నాడు. జీవితమంతా గ్రంథాలయంలో పుస్తకాల మధ్య గడిపిన నా మాటకు ఈ ఇంట్లో విలువ లేదు, అతని మాటకుంది. సరే. ఆ అతుకు ఎలా ఊడిందో విను.

మెహందీ రోజున పెళ్లికొడుకు అక్క యాస్మిన్ జమ్మలమడుగు నుంచి వస్తూ దారిలో ఏదో ఫ్యాన్సీ స్టోర్‌లో నల్ల కోన్లు కొనుక్కొచ్చింది. నేను అప్పటికే మన చెట్టు ఆకు నీడలో ఎండబెట్టి, పొడి కొట్టి, గుడ్డలో జల్లించి, నిమ్మరసంలో నానబెట్టి ఉంచాను. ముందు రోజే ఇష్రత్ మోచేతి లోపల ఒక చుక్క పెట్టి చూశాను, ఏమీ కాలేదు. యాస్మిన్ నా గిన్నెలోకి చూసి నవ్వింది.

"ఇదేంది చాచా, పేడ మాదిరి ఉంది? మా కోను గంటలో కాటుక మాదిరి ఎక్కుతాది."

"గోరింటాకు మొదట నారింజ రంగే ఇస్తుందమ్మా, మర్నాటికి ఎర్రబడుతుంది. గంటలో కాటుకయ్యేది ఆకు కాదు, తలకు వేసే రంగులోని మందు" అన్నాను.

అలీ అహ్మద్ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "పెండ్లికొడుకు అక్క తెచ్చింది మామా. తొలి చుక్క ఆయమ్మే పెట్టాల. వద్దంటే మొగాన కొట్టినట్టు గాదా?"

ఇష్రత్ నా వైపు చూసి, "పోనీలే తాతా, ఒక్కసారికి ఏమైతాది" అని రెండు చేతులూ చాపింది. ఆ రెండు చేతులూ నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు, దిల్షాద్.

తర్వాత జరిగింది నీకు తెలుసు. నీకు తెలియనిది ఇది. ఎవరో ఇష్రత్ చేతులు చూసి జమ్మలమడుగులో మగపెళ్లివారికి చెప్పారు. నూనె పడితే తీగలూ పువ్వులూగా కాలుతుందా? వాళ్లేమీ అమాయకులు కాదు. పిల్లకు ఏదో చర్మరోగం ఉంది, దాచి అంటగడుతున్నారని అనుకున్నారు. నికా ఆపుదామని కబురొచ్చింది. అలీ అహ్మద్ ఆ రోజు నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

నీకు చెప్పకుండా నేను జమ్మలమడుగు బస్సెక్కాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెళ్లికొడుకు ముబారక్ తల్లి మంచం మీద నుంచి లేచి నిలబడింది.

"మా పిల్ల మీద ఏస్తాండావా చాచా? మొన్న నూనె అంటిరి, ఈపొద్దు కోను అంటాండారు. రేపు ఏమంటారు?"

యాస్మిన్ తన చేతులు నా ముఖం ముందు పెట్టింది. "నేనూ అదే పెట్టుకుంటి. నాకేమన్నా అయిందా, చూడు."

ఆమె చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ మందు కొందరికి ఏమీ చెయ్యదు, కొందరిని కాలుస్తుంది. ఎంత చెప్పినా వినలేదు. చదువుకున్న ముసలాడి మాటల గారడీ అనుకున్నారు. అప్పుడు నాకిక దారి లేకపోయింది. యాస్మిన్ దగ్గర మిగిలిన కోను అడిగి తీసుకున్నాను. కుడి ముంజేతి మీద దానితో నాలుగు గీతలు గీసుకున్నాను. మన ఆకు ముద్ద డబ్బాలో తీసుకెళ్లాను, దానితో ఎడమ చేతి మీద నాలుగు గీతలు. "ఇది తేలేదాకా మీ వసారాలోనే ఉంటా" అని కూర్చున్నాను.

"యాడన్నా పిచ్చోడా ఈ ముసలాయన" అని లోపల అనుకోవడం వినపడింది. ముబారక్ మాత్రం టీ తెచ్చిచ్చి, "కడిగేసుకో తాతా. నేను అమ్మకు చెప్తాలే" అన్నాడు. మంచి పిల్లవాడు. నేను కడగలేదు.

మర్నాటికి ఎడమ చెయ్యి చక్కగా ఎర్రబడింది. కుడి చెయ్యి మొదట దురద పెట్టింది, తర్వాత వాచింది, ఆపైన గీతల వెంబడి బొబ్బలు తేలాయి. ఇష్రత్ చేతుల మీద ఉన్నట్టే. ఈ అక్షరాలు వంకర పోవడానికి కారణం అదే. ముబారక్ తల్లి నా చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. యాస్మిన్ ఏడ్చింది. "నికా ఆగదు చాచా" అని ఆ తల్లే అంది. "మీ ఆకే పెట్టి పిల్లను తయారుజెయ్యండి."

అదీ కుదరదు. చర్మం పూర్తిగా మానేదాకా ఆకు కూడా తాకించొద్దని డాక్టరు అన్నాడు. తలకు నల్లరంగు మాత్రం ఇష్రత్ జన్మలో వేసుకోకూడదట. ఆ మాట వాళ్లకు చెబితే ముబారక్ తల్లి, "ఉత్త చేతులతోనే రానీ. అడిగినోళ్లకు నేను జవాబు చెప్తా" అంది. ఆమె మీద నేను మనసులో పెట్టుకున్న పగ అక్కడితో సరి.

ఇక దాచింది చెప్పాలి. మీ అమ్మ పోయాక నేను గడ్డానికి రంగు మానేశాను. భార్య మీద దుఃఖంతో మానేశాడని బంధువులంతా అన్నారు. అలీ అహ్మద్ కూడా పదిమందిలో పొగిడాడు. అది నిజం కాదు. నల్ల గోరింటాకు అని ఆకు బొమ్మ వేసి అమ్మే పొడి గడ్డానికి పెడితే నా ముఖం వాచి కళ్లు మూసుకుపోయాయి. మళ్లీ తాకితే ఊరుకోదని డాక్టరు చెప్పాడు. కడపకు పనుందని చెప్పి, వాపు తగ్గేదాకా ఎవరికీ కనపడలేదు.

అంటే జమ్మలమడుగులో ఆ కోను నా చేతిని కాలుస్తుందని నాకు ముందే తెలుసు. నేను చూపించింది పరీక్ష కాదు. దానికి నేను బాధపడను. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. మెహందీ రోజున ఆకు గురించి పుస్తకం చదివినట్టు చెప్పానే గానీ, "ఈ మందే నా ముఖాన్ని కాల్చింది" అని ఒక్క మాట అనలేదు. అది చెబితే తెల్లగడ్డం పరువు పోతుందని ఆగాను. ఆ మాట అని ఉంటే ఇష్రత్ చేతులు వెనక్కి తీసుకునేది. అలీ అహ్మద్‌ను ఇంతసేపు తిట్టాను, ఇప్పుడు నన్ను నువ్వు తిట్టుకో.

కానీ ముందు ఒక పని చెయ్యి తల్లీ. ఇష్రత్ చేతులు దుపట్టాలో చుట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంటోంది. జమ్మలమడుగు వాళ్లు ఒప్పుకున్నారంటే, "అమ్మ దాచమనింది తాతా. ఈ చేతులతో నలుగుర్లో కూచుంటే అమ్మ తల యాడ పెట్టుకుంటాది?" అంటోంది. నేను నా చెయ్యి చూపించాను. నా చేతిని చూసి ఏడ్చిందే గానీ తన చేతులు విప్పలేదు. రెండు రోజులుగా నేను కలిపిన ముద్ద కూడా నోట పెట్టడం లేదు. నాకు భయమేస్తోంది, దిల్షాద్. నా దగ్గర ఇక చూపించడానికి మూడో చెయ్యి లేదు.

ఈ శుక్రవారం నాకు కాదు, ఆమెకు ఫోన్ చెయ్యి. దాచమన్నది నువ్వు గనుక విప్పమనాల్సిందీ నువ్వే.

ఇట్లు,
ఒక చేతికి ఎరుపు, ఒక చేతికి పుండు పెట్టుకుని నీ మాట కోసం చూస్తున్న
మీ అబ్బా.