పదకొండు పేర్లు

నవంబర్ 4, సోమవారం

ఇవాళ్టి నుంచి ఆరు వారాలు నేను ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌ని. రాసి చూసుకున్నా నమ్మకం కలగడం లేదు.

ప్రిన్సిపాల్ మేడమ్‌కి మోకాలి ఆపరేషన్. వైస్ ప్రిన్సిపాల్ పోస్టు రెండేళ్ళుగా ఖాళీ. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న లెక్కల మాస్టారు ఉండగా, లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వేసుకునే నాకు తాళాలిచ్చి వెళ్ళారు. ఎందుకని అడిగాను. ఆయనకిస్తే కుర్చీలో కూర్చుంటారు, నువ్వు కూర్చోవు, నాకు తెలుసు అన్నారు.

సాయంత్రం దాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను. బయటికి వెళ్తే ఎవరైనా ఏదైనా అడుగుతారని భయం.

నవంబర్ 5

మేడమ్ పద్ధతి నాలుగేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఎవర్నీ తన గదికి పిలిపించరు. ఫస్ట్ పీరియడ్‌లో పద్దెనిమిది క్లాసుల గుమ్మాల్లోనూ ఒక్కో నిమిషం నిలబడతారు. టీచరుగారి జ్వరం, ఎవరిదో విరిగిన కళ్ళజోడు, తిరగని ఫ్యాను, అన్నీ ఆ నిమిషంలోనే తేలిపోతాయి.

నేనూ బయల్దేరాను. మూడు గుమ్మాలు గడిచాయి. నాలుగోచోట ఎయిత్ బి మొత్తం లేచి గుడ్ మార్నింగ్ మిస్ అంది. సారీ అని చెప్పి వచ్చేశాను.

రాత్రి తమ్ముడు నాతో, హెడ్డుగారూ, అన్నం వడ్డించమని నోటితో చెప్తారా, సర్క్యులర్ పంపిస్తారా అన్నాడు. అమ్మ వాడి నెత్తిమీద ఒకటి వేసింది. వాడు వేళాకోళానికే అన్నాడు గానీ ఆలోచన బాగుంది. రాయడం నాకొచ్చిన పని.

నవంబర్ 7

రెండు రోజుల్లో నాలుగు సర్క్యులర్లు. కామాలతో సహా చూసుకుని రాశాను. ఆయమ్మ వాటిని గదిగదికీ తిప్పి సంతకాలు పట్టుకొస్తుంది. మేడమ్ మోకాలు బాగయ్యేలోపు నా మోకాళ్ళు పోయేట్టున్నాయి తల్లీ అంది. బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాను. తీసుకుంది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

నవంబర్ 12, మంగళవారం

స్కూల్ ఛైర్మన్ గారు వచ్చారు. టెన్త్‌లో అరవై నాలుగు మంది. బోర్డు పరీక్షకి పేర్లు పంపడానికి ఈ నెల 22 ఆఖరు. అందులో పదకొండు మంది పేర్లు పంపవద్దన్నారు. లెక్కల్లో తప్పుతారట. తొమ్మిదేళ్ళుగా గేటు మీద ‘వంద శాతం’ బోర్డు ఉంది, అది దిగకూడదట. ఈ పదకొండు మందీ వచ్చే ఏడు మళ్ళీ టెన్త్ చదువుకుంటారు, కొంపేం మునగదు అన్నారు. మేడమ్ ఉంటే వాదనకి దిగుతారు, మీరు బుద్ధిమంతులు అని కూడా అన్నారు. మంచివారే. వెళ్తూ వెళ్తూ అమ్మ ఆరోగ్యం అడిగారు.

లిస్టు లెక్కల మాస్టారి దస్తూరీ. సంతకం పెట్టాల్సింది నేను.

ఆరో పేరు మా చివరి పేజీ అమ్మాయిది. లంచ్ బెల్ కొట్టగానే లైబ్రరీకి వస్తుంది. ఏ నవలైనా ముందు ఆఖరి పేజీ చదివి, నచ్చితేనే తీసుకెళ్తుంది. నాలాంటిదే, గొంతు పెగలదు. వీళ్ళమ్మ కుట్టు మిషన్ మీద రెండిళ్ళకి చాలేంత పని చేస్తుంది. ఏడాది ఆగితే ఈ పిల్ల మళ్ళీ బడికి రాదు. మిషన్ ముందు కూర్చుంటుంది. ఆ పదకొండు మందిలో చాలామంది సంగతి అంతే.

నవంబర్ 13

హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. మేడమ్ అంతా విన్నారు. నేనక్కడ లేనమ్మా, నువ్వున్నావు అన్నారు. తర్వాత భోంచేశావా అని అడిగి పెట్టేశారు.

మేడమ్ మీద కోపం రావడం ఇదే మొదలు.

నవంబర్ 15

సంతకం పెట్టలేదు. పెట్టనని చెప్పనూ లేదు. కాన్వెంట్‌లో సిస్టర్లు మాకు గొంతు తగ్గించి మాట్లాడటం పదేళ్ళు నేర్పారు. ఎక్కడ పెంచాలో ఒక్కరోజూ చెప్పలేదు.

నవంబర్ 18, సోమవారం

సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఫైర్ డ్రిల్ సర్క్యులర్‌కి చిత్తుప్రతి రాసుకుంటూ, అలవాటు కొద్దీ, పక్కన నా గోడు కూడా రాసుకున్నాను. సాపు చేసేటప్పుడు అదీ ఎక్కించేశాను. ‘విద్యార్థులు వరుసగా మెట్లు దిగవలెను. ఇదంతా ఎలా చేయాలో నాకు తెలియడం లేదు, చాలా భయంగా ఉంది. మైదానంలో హాజరు తీసుకొనవలెను.’

ఆయమ్మ అన్ని గదులూ తిప్పింది. ముప్పై ఒక్క సంతకాలు. ఒక్కరూ చదవలేదు. ఈ రెండు వారాల సర్క్యులర్లన్నీ ఇంతే కాబోలు.

కాదు, ఒకరు చదివారు. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో సన్నగా గీత. లెక్కల మాస్టారి సంతకం పక్కన రెండు మాటలు: నాకూ అంతే.

నవంబర్ 19

స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డాను. నిమిషం కాదు, ఐదు నిమిషాలు. మాస్టారే లేచి వచ్చారు.

ముప్పై ఐదు మార్కులు రానివాళ్ళ పేర్లు ఛైర్మన్ గారు అడిగితే, స్పెషల్ క్లాసులకేమో అనుకుని రాసిచ్చారట. సంగతి తెలిశాక నోరు మెదపలేకపోయారట. ఇంకో మూడేళ్ళలో రిటైర్మెంట్. వీళ్ళలో ఎంతమంది గట్టెక్కగలరు అని అడిగాను. లిస్టు తీసుకుని చాలాసేపు చూశారు. ఏడుగురు తప్పకుండా. రోజూ వస్తే ఇంకో ఇద్దరు. మిగతా ఇద్దరి సంగతి చెప్పలేనన్నారు.

బడికి గంట ముందు వాళ్ళకి పాఠం చెప్తారా అన్నాను. చెప్తాను గానీ నా మొహం చూసి ఎవడూ రాడమ్మా, నన్ను చూస్తే వాళ్ళకి వచ్చిన ఎక్కం కూడా పోతుంది, గేటు దగ్గర ఎవరైనా నిలబడి లోపలికి తోలాలి అన్నారు. నేను నిలబడతానన్నాను. నన్ను పైకీ కిందకీ చూసి నవ్వారు. ఈయన పళ్ళు ఇలా ఉంటాయని నాలుగేళ్ళలో నాకు తెలియదు.

నవంబర్ 21, గురువారం. సాయంత్రం 6

ఛైర్మన్ గారి ఆఫీసుకి వెళ్ళాను. దారి పొడుగునా మూడు వాక్యాలు బట్టీ పట్టాను. లోపలికి వెళ్ళాక రెండోది మర్చిపోయాను. మొదటిదీ మూడోదీ చెప్పాను. అరవై నాలుగు పేర్లూ పంపుతున్నాను. మాస్టారూ నేనూ పొద్దున్నే క్లాసులు పెడుతున్నాం.

ఆయన కేకలేయలేదు. టీ చల్లారిపోయేదాకా కప్పు వంక చూశారు. తొమ్మిదేళ్ళ పేరు ఒక్క సంతకంతో పోతుందన్నారు. తర్వాత అడిగారు.

“రేపు ఎవరైనా తప్పితే బాధ్యత ఎవరిది?”

“నాదే సార్.”

గొంతు పెద్దదేం కాలేదు. కానీ వినిపించింది.

అయితే రాసివ్వండి అన్నారు. ఈ నెల మొత్తంలో నాకు తేలిగ్గా తోచిన పని అదొక్కటే. అక్కడే కూర్చుని రాసిచ్చాను.

నవంబర్ 22

అరవై నాలుగు.

డిసెంబర్ 3

ఏడుంబావుకి గేటు దగ్గర. చలి. తొమ్మిది మంది వచ్చారు. మిగిలిన ఇద్దరి కోసం సందు చివరిదాకా వెళ్ళాను. ఒకడు నన్ను చూసి సైకిల్ వెనక్కి తిప్పాడు. చెయ్యి ఊపాను. ఏమనుకున్నాడో, తిరిగి వచ్చాడు.

ఫస్ట్ పీరియడ్‌లో గుమ్మాలన్నీ తిరుగుతున్నాను. ఇంకా చెమటలు పడతాయి. ఇవాళ సిక్స్త్ ఎ గుమ్మంలో సైన్సు టీచరు కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. ఆవిడ రెండు పీరియడ్లు నేను తీసుకుని ఇంటికి పంపాను. పాఠానికి బదులు కథ చదివాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

డిసెంబర్ 16, సోమవారం

మేడమ్ చేతికర్రతో వచ్చారు. తాళాలు టేబుల్ మీద పెట్టాను. ముందు ఫైలంతా తిరగేశారు. ఫైర్ డ్రిల్ సర్క్యులర్ దగ్గర ఆగి, నవ్వీ నవ్వీ ఆపరేషన్ మోకాలు పట్టుకున్నారు.

తర్వాత నేను ఛైర్మన్ గారికి రాసిచ్చిన కాగితం కాపీ చూపించారు. నా సంతకం కింద ఇంకోటి ఉంది. మేడమ్‌ది. నవంబర్ 23. మంచం మీదికి తెప్పించుకుని పెట్టారట. తప్పితే ఇద్దరం తప్పినట్టే అన్నారు. ఈ మాట నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే నా వెనక నిలబడేదానివి అన్నారు.

కోపం పోయింది. కళ్ళనీళ్ళు వచ్చాయి. అది చూడనట్టు కర్ర వంక చూసుకున్నారు.

మెట్లెక్కడం ఇంకో రెండు నెలలు కుదరదట. గుమ్మాల పని నాకే ఉంచారు.

మార్చి 19

లెక్కల పరీక్ష. పదకొండు మందీ రాశారు. మాస్టారు గేటు బయట, ఎండలో, మూడు గంటలూ నిలబడ్డారు. కుర్చీ పంపితే వెనక్కి పంపారు.

మే 9. మధ్యాహ్నం

రిజల్ట్స్. అరవై రెండు. గేటు మీద బోర్డు దించుతున్నారు. ఛైర్మన్ గారు నాతో మాట్లాడలేదు. మేడమ్‌తో మాట్లాడి వెళ్ళారు.

తప్పిన ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళాను. జూన్‌లో మళ్ళీ రాయొచ్చు, రేపట్నుంచి మాస్టారు వస్తారు అని చెప్పడానికి. మొదటి ఇల్లు సైకిల్ కుర్రాడిది. వాళ్ళ నాన్న మంచినీళ్ళిచ్చారు. రెండోది మా చివరి పేజీ అమ్మాయిది. మూడు మార్కుల్లో పోయింది. లోపల మిషన్ చప్పుడు. తలుపు తనే తీసింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. నన్ను చూసి లోపలికి తిరిగి పిలిచింది.

“అమ్మా, ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చారు.”

వెనక్కి తిరిగి చూశాను. వీధిలో ఎవరూ లేరు.