మళ్ళీసారి, మిస్టర్ మోక్

హాంకాంగ్,
మార్చి 1936

ప్రియమైన నాన్నగారికి,

బడుల సీనియర్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం మీకు రాలేదు. మొన్న మొన్న ఓడ దిగిన ఆష్‌వెల్‌కి ఇచ్చారు. దొరలు సెలవు మీద తమ దేశం వెళ్ళిన ప్రతిసారీ ఆ కుర్చీలో మీరే కూర్చున్నారు. వాళ్ళు రాగానే లేచారు. ఈసారి కుర్చీ ఖాళీ అయినా మీకు దక్కలేదు.

కమిటీ గదిలో మాటలు రాసుకున్న టైపిస్టుని నేనే. నేను ఎవరి కూతురినో ఒక్కరికీ గుర్తు రాలేదు.

"మోక్ మంచివాడే. కానీ మన హెడ్మాస్టర్లు ఒక చైనావాడి ముందు చేతులు కట్టుకుంటారా?" అన్నాడొకాయన.

"అతనేమీ అనుకోడు లెండి. మళ్ళీసారి చూద్దామంటే చాలు, వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు" అన్నాడు డైరెక్టరు.

అందరూ నవ్వారు. నవ్వులు టైపు చెయ్యక్కర్లేదని నాతో చెప్పారు.

నాకు వాళ్ళకంటే మీ మీదే ఎక్కువ కోపంగా ఉంది. మన భాషలో పరీక్ష ప్యాసైతేనే ఆష్‌వెల్ ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ పరీక్ష పెట్టేది మీరే. "టీ తాగుతారా?" అని అడిగి, తలూపిన ప్రతి దొరనీ ప్యాస్ చేశారు. ఇతన్ని కూడా అలాగే పంపిస్తే నేనిక ఇంటికి రాను. సిస్టర్ల హాస్టల్లోనే ఉండిపోతాను.

మీ
సౌయింగ్

చ్యూంగ్‌చౌ దీవి

అమ్మా సౌయింగ్,

నీ కోపం అందింది. నిన్న ఆష్‌వెల్ వచ్చి, టీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. నేనతన్ని రేవుకి తీసుకెళ్ళాను. కిందటేడు మన విద్యాశాఖవాళ్ళు మూసేసిన బడి ముందు లెంగ్ అత్త చేపలు ఎండబెడుతోంది. "ఈమెతో మాట్లాడి, ఏమందో నాకు చెప్పండి. అదే పరీక్ష" అన్నాను.

అతను బడి అనే మాట పలికాడు. ఇంక ఆమె ఊరుకుంటుందా?

"తాళం వేసిన పెద్దమనిషివి నువ్వేనా? మావాడు పొద్దస్తమానం పడవలో కోతిలా గెంతుతున్నాడు. ఎప్పుడు తీస్తావు నాయనా?" అని చేప తోక అతని ముక్కు దగ్గర ఆడించి మరీ అడిగింది.

ఆష్‌వెల్ టోపీ తీసి ఆమెకి తల వంచాడు. "ప్రభుత్వానికి కృతజ్ఞతలు చెబుతోంది" అన్నాడు.

ఫెయిల్ అని రాశాను. పడవెక్కేటప్పుడు చెయ్యి పట్టుకుని బతిమాలాడు. ఇన్నేళ్ళుగా నేను విన్న మాటే, విన్నంత మర్యాదగానూ చెప్పాను: "మళ్ళీసారి చూద్దాం, మిస్టర్ ఆష్‌వెల్."

ఆదివారం ఇంటికి రా. నా మీద విచారణ తప్పదు. ఆ గదిలో మాటలు రాసుకునేది మళ్ళీ నువ్వే కావచ్చు. ఈసారి నవ్వులు కూడా టైపు చెయ్యి.

నాన్న