వెండి సిలువ తీసిన సంగతి

మగురెలె లేజరు ప్రయోగశాల, మార్చి 9

అమ్మా, నేను కులాసా.

ఎన్నడూ తీయనని నీకు మాటిచ్చిన వెండి సిలువను సోమవారం మెడలోంచి తీశాను. లేజరు కిరణం మెరిసే వస్తువు మీద పడి చెదిరితే ఎదుటివాళ్ళ కళ్ళు పోతాయి. "మెళ్ళో అద్దం కట్టుకొచ్చావేంటే పిల్లా, నా కళ్ళు నీకేం చేశాయి?" అన్నారు మా ప్రయోగశాల పెద్ద రుక్సాంద్ర గారు.

ఆ రోజే లేజరుతో వాయువును ప్లాస్మా చేసి, అందులో లేచిన అల మీద ఎలక్ట్రాన్లను మొదటిసారి పరుగెత్తించాం. అది సాధ్యమైంది సిలువ తీసినందుకు కాదు, లేజరును మళ్ళించే అద్దాలు సరిగ్గా కుదిరినందుకు.

నాన్నను అక్రోటు చెక్కతో చిన్న సిలువ చెక్కి పంపమను. ఆవుకు జ్వరం తగ్గిందా?

ఈ కార్డు నీకు చదివి వినిపిస్తున్న గవ్రిల్ ఫాదరు గారికి నమస్కారాలు. ఫాదరు గారూ, అమ్మ చిన్నబుచ్చుకుంటే, మొదటి సిలువ చెక్కదేనని మీరే చెప్పండి.

మీ స్మరాంద