సోమక్క కుట్టిచ్చిన నంబరు

వరంగల్,
12-11-1986.

టెలిఫోను అధికారి గారి సముఖమునకు,
కాశిబుగ్గ కిరాణా వ్యాపారి వెంకట్రాజం వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఫోనును కొత్త ఎక్స్చేంజీకి మార్చిన తీరు గురించి.

1. ఈ నెల ఒకటవ తేదీన మా నంబరు 5426ను రద్దు చేసినారు. కొత్త నంబరు చీటీ ఐదవ తేదీన అందినది. చేతులు కాలాక ఆకులు పట్టుకొమ్మన్నట్లున్నది.

2. ఆ ఫోను నా పేరున ఉన్నా వాడకట్టు అందరిదీ. మా పక్కింటి మొగిలయ్య భివండిలో మగ్గం పని చేయును. చదువు రాదు. అందుకని భార్య సోమక్క తువ్వాలు అంచున ఎర్రదారంతో 5426 అని కుట్టి ఇచ్చినది. ఆమె కడుపుతో ఉన్నందున అతడు ప్రతి ఆదివారం పదింటికి తంతి ఆఫీసులో ఆ తువ్వాలు చూపి, ఆమె పేరున ట్రంకు కాల్ చేయును. ఉత్తరం వ్రాద్దామంటే మొన్ననే కార్ఖానా మారినాడు. కొత్త చిరునామా ఆ ఫోనులోనే చెప్పవలసి ఉన్నది.

3. గత నెల 27న సోమక్కకు ఆడపిల్ల పుట్టినది. తండ్రికి తెలియదు. తొలి బిడ్డ పేరు తండ్రి నోటి నుంచే రావలెనని వారి ఇంటి ఆనవాయితీ. పేరు పెట్టే ఇరవై ఒకటో దినం వచ్చే ఆదివారమే. పురిటి మనిషి గడప దాటరాదు గనుక కిటికీలోంచి అడుగుతున్నది: "అన్నా, ఫోన్ మోగిందా? ఆయనకు మేం యాది లేమా?" నేనేమి చెప్పాలి?

4. పాత నంబరును నెల రోజులైనా ఎవరికీ ఇవ్వకుండా ఉంచి, చేసినవారికి కొత్త నంబరు చెప్పే మనిషిని కూర్చోబెట్టవలసినది. అదే రోజు ఇంకొకరికి ఇచ్చినారు. ఆ ఇంకొకరు తమరే! తమ ఇంట పనిచేయు యాకయ్య నా దుకాణంలోనే అన్నాడు: "రెండు ఐతారాలసంది భివండి నుంచి ఎవడో చేస్తాండు సేటూ. సోమక్క లేదు, గీమక్క లేదు అని మా సారు పెట్టేస్తాండు."

5. తమ ఆఫీసుకు వస్తే గుమాస్తా "నెల ఆగుర్రి, అన్నీ సర్దుకుంటయి" అన్నాడు. ఇరవై ఒకటో దినం నెల ఆగునా? మీకు సిగ్గుగా లేదా?

కావున మా నంబరు మాకు ఇప్పించవలెను. ఇదంతా తమరు చిత్తగించక తప్పదు.

తమ విధేయుడు, కోపం తగ్గనివాడు,
వెంకట్రాజం

తా.క.: ఆదివారంలోగా నంబరు రాదని నాకు తెలుసు. పదింటికి మీ ఇంట్లో ఫోను మోగుతుంది. ఆపరేటరు సోమక్క ఉందా అని అడుగుతారు. ఉందనండి. మొగిలయ్య లైనులోకి రాగానే ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు అని చెప్పండి. అతను చెప్పిన పేరు కాగితం మీద రాసి యాకయ్యతో పంపండి. సాయంత్రం దాకా తొట్టెల కట్టి ఉంచుతాం.