మూలగదికి వచ్చే ప్రేమలతక్క

కుసుమక్కకు,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి రాస్తున్నా. మాచర్ల రోడ్డు మీద యాక్సిడెంటులో మా ఆయన పోయినప్పటి నుంచి మూలగదిలోనే ఉన్నా. ఏడాది తిరిగేదాకా గడప దాటకూడదంట. ముత్తయిదువలెవరూ నా మొహం చూడకూడదంట. కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఊపిరాడట్లేదక్కా. నువ్వూ రాలేదు. బావకేమన్నా అవుద్దని భయం, తెలుసులే. అయినా ఏడుపొచ్చింది.

వెనకింట్లో కొత్తగా అద్దెకు దిగిన ప్రేమలతక్క ఒక్కతే వస్తది. చర్చికి పోయే మనిషి. బొట్టు లేదు, మెళ్ళో తాళి లేదు, ఇంట్లో మగమనిషి కనపడడు. అత్తమ్మ "పాపం, ఇదీ మన సుప్రజలాంటిదే" అని రానిచ్చింది. వచ్చిందంటే ఒకటే నవ్వులు. "లే, తల దువ్వుకో, ప్రభువు నీకింకా చానా మంచి రోజులు దాచాడు" అంటది. మొగుడు పోయినదానికి ఈ సంబరమేందని మొదట్లో చిర్రెత్తుకొచ్చేది. ఇప్పుడామె రాకపోతే తోచదు.

గురజాలలో నేను పాఠాలు చెప్పే స్కూలు సోమవారం తెరుస్తారు. నేనిక రానని హెడ్ మాస్టారుకు నువ్వే చెప్పు. నా వల్ల కాదు.

నీ చెల్లి,
సుప్రజ

అక్కా,

హెడ్ మాస్టారుకు ఆ మాట చెప్పబాక!

నిన్న పొద్దున ప్రేమలతక్క నాకు జడ వేస్తంటే వాకిట్లో బండి ఆగింది. "ప్రేమా, ఇంటి తాళమియ్యి" అని ఎవరో కేకేశాడు. ఆమె మొగుడు ప్రభుదాసంట! వాళ్ళ చర్చిలో మొగుడున్నా బొట్టూ తాళీ పెట్టుకోరంట. దాచేపల్లిలో సిమెంటు లారీ తోలతాడంట, ఎప్పుడో గానీ ఇంటికి రాడంట. అత్తమ్మ గుండెలు బాదుకుంది.

"ఓసి నీ దుంపతెగ! మొగుణ్ణి పెట్టుకుని దీని మొహం చూస్తావటే?"

ప్రేమలతక్క నా జడ వదల్లేదు. "ఆయన్ని ప్రభువు చేతుల్లో పెట్టి పంపిస్తా పిన్నీ. ఈ పిల్లని చూస్తే ఆయనకేమవుద్ది?" అని గట్టిగా పిలిచింది. "ఏమయ్యా, ఇటు రా. మా సుప్రజ."

ఆయనొచ్చి, "బాగున్నావా అమ్మా" అన్నాడు.

తెలిసే వచ్చేదక్కా ఆమె. లారీ తోలే మొగుణ్ణి పెట్టుకుని, రోజూ పొద్దున్నే నా మొహం చూసి నవ్వింది. నా మొహం ఎవరికీ కీడు కాదని నేనే నమ్మలేదు, ఆమె నమ్మింది. ఆమె దేవుడు నాకు తెలియదు గానీ, ఆ ధైర్యం చూశాక ఈ గదిలో కూర్చోలేను. అత్తమ్మ అరుస్తంది. అరవనీ.

సోమవారం స్కూలుకు పోతున్నా. మీ వీధిలోంచే పోవాల, బావ బయల్దేరే వేళకే. ఎదురొస్తానని భయమైతే తలుపేసుకో, ఏమీ అనుకోను. నేను మాత్రం తల దించుకుని పోను. మీ గుమ్మం ముందు నిలబడి "అక్కా" అని పిలుస్తా.

సుప్రజ