మిస్ వెర్లీ దారికి గొలుసు

ఏప్రిల్ 8, మంగళవారం

గార్లండ్ నా సైకిల్ టూర్ రూట్ దొంగిలించాడు.

పోస్టాఫీసు గోడ మీద వాడి కొత్త టూర్ పోస్టర్ చూశాను. ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ నీళ్లు పట్టుకోవాలో, ఏ చర్చి వెనక ఆగి టైర్లు చూసుకోవాలో, అన్నీ నావే. చివరికి మిస్ వెర్లీ పొలం లోపలి దారి కూడా అందులో ఉంది. ఆ దారి ఏ మ్యాపులోనూ లేదు. అది లేకపోతే కొండ అంచు నుంచి కింది లోయకి రావడానికి హైవే ఒక్కటే గతి. హైవే మీద దుంగల లారీలు సైకిల్‌ని చూసి బ్రేకు వెయ్యవు.

ఆ దారి కోసం రెండు శీతాకాలాలు మిస్ వెర్లీ చుట్టూ తిరిగాను. ఆవిడ యాపిల్ చెట్లకి కత్తిరింపు చేశాను, ఆవులకి గడ్డి మోశాను. చివరికి, ఒకసారికి ఆరుగురు మించకూడదు, గేటు వేసి మరీ వెళ్లాలి అంది. గార్లండ్ పోస్టర్ మీద "ముప్పై మందికి స్వాగతం" అని ఉంది.

మా ఇద్దరికీ పెళ్లయి ఉన్నన్నాళ్లూ గార్లండ్ మొదటి ఎత్తు ఎక్కకముందే మోకాలు పట్టుకుని కూర్చునేవాడు. విడాకులయ్యాక వాడికి కాళ్లొచ్చాయి.

ఏప్రిల్ 10, గురువారం

వాడి సైకిల్ షాపుకి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది.

చెయిన్‌కి నూనె రాస్తూ తలెత్తకుండానే మాట్లాడాడు. రోడ్డు నీ పుట్టింటివాళ్లు వేయించారా అన్నాడు. మిస్ వెర్లీని అడిగావా అన్నాను. ఆ ముసలావిడకి నేనంటే చిన్నప్పటి నుంచీ ముద్దు, నీలాగా వెళ్లి గడ్డి మొయ్యక్కర్లేదు అన్నాడు. షాపులో ఉన్న ఇద్దరు కస్టమర్లు నవ్వారు.

ఇంటికి వచ్చేటప్పుడు ఎత్తు మీద గేరు మార్చడం మర్చిపోయాను. కోపంతోనే ఎక్కేశాను.

ఏప్రిల్ 13, ఆదివారం

నిన్న వాడి మొదటి టూర్. ఇవాళ చర్చి అయ్యాక పార్కింగ్‌లో మిస్ వెర్లీ నన్ను పట్టుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

గేటు బార్లా తీసి వెళ్లారట. ఆవుపడ్డలు రోడ్డెక్కాయి. పశువులు దాటకుండా దారికి అడ్డంగా పరిచిన ఇనప కడ్డీల మధ్య ఒకదాని కాలు ఇరుక్కుని విరిగింది, తుపాకీతో కాల్చెయ్యాల్సి వచ్చింది. వాళ్లు నా మనుషులు కారు మిస్ వెర్లీ, గార్లండ్ మనుషులు అన్నాను.

"సైకిలెక్కి బిగుతు లాగు తొడుక్కున్న ప్రతివాడూ నాకు నీ మనిషే నడీన్. తలుపు తెరిచింది నేను. తోవ చూపించింది నువ్వు" అంది.

ఆవిడ మేనల్లుడు డ్వైట్ పికప్ ట్రక్‌లో కూర్చుని అంతా వింటున్నాడు. పోయిన నెల వరకూ నన్ను చూస్తే చెయ్యి ఊపేవాడు. ఇవాళ నేను సైకిలెక్కి రోడ్డు మీదికి రాగానే పక్కకి వచ్చి యాక్సిలరేటర్ తొక్కాడు. నల్లటి డీజిల్ పొగ ముఖమ్మీదికి. చర్చి బట్టల్లో ఉన్న ఆడవాళ్లు చూస్తూ నిలబడ్డారు.

ఏప్రిల్ 15, మంగళవారం

మలుపు దగ్గరి ఇంట్లో కుక్క రోజూ వెంటపడేది. ఇవాళ దాని యజమాని వరండాలో కూర్చుని ఉన్నాడు. వెనక్కి పిలవలేదు. పిక్క మీద కరిచింది.

ఏప్రిల్ 17, గురువారం



పొద్దున్న లోయ వైపు నుంచి మిస్ వెర్లీ దారి ఎక్కాను, క్షమాపణ చెబుదామని. ఎక్కుతున్నాను కాబట్టి నెమ్మదిగా ఉన్నాను. కాబట్టే కనిపించింది. దిగుడు చివర, మలుపు దాటగానే, రెండు సెడార్ గుంజల మధ్య గొలుసు. తుప్పు పట్టి మట్టి రంగులో ఉంది. హ్యాండిల్ ఎత్తులో. తాళం వేసి ఉంది. "ప్రవేశం లేదు" అన్న బోర్డు ఉంది కానీ అది గొలుసు పక్కనే ఉంది. పైనుంచి వచ్చేవాడికి బోర్డూ గొలుసూ ఒకేసారి కనిపిస్తాయి. అప్పటికి వాడు ఎంత వేగంలో ఉంటాడో నాకు తెలుసు. ఆ దిగుడులో ఎవరూ బ్రేకు పట్టుకోరు. అక్కడి గాలి కోసమే జనం డబ్బులు కట్టి వస్తారు.

తిన్నగా ఇంటికి వెళ్లి తలుపు కొట్టాను. మనిషి చస్తాడు మిస్ వెర్లీ అన్నాను.

"చదువొచ్చినవాడు బోర్డు చదువుతాడు. రానివాడు నా పొలంలోకి ఎందుకొచ్చినట్టు?"

పైన, దారి మొదట్లో కట్టండి, లేకపోతే ఒక గుడ్డ అయినా కట్టండి అని బతిమాలాను. ఆవిడ బిస్కెట్లకి పిండి కలుపుతోంది. చేతులు కడుక్కోలేదు, నా వైపు తిరగలేదు. నా పడ్డకి ఎవరు గుడ్డ కట్టారు అంది.

తిరిగొస్తూ నా పసుపు రెయిన్‌కోటు విప్పి గొలుసుకి కట్టాను. డ్వైట్ గడ్డివాము దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాడు.

ఏప్రిల్ 18, శుక్రవారం

రెయిన్‌కోటు లేదు. గొలుసు ఉంది.

గార్లండ్ షాపుకి మళ్లీ వెళ్లాను. రేపు ఆ దారిన దిగొద్దు, గొలుసు కట్టారు అని చెప్పాను. ఎంత మామూలుగా చెప్పాలో అంత మామూలుగా చెప్పాను. వాడు నా ముఖంలోకి చాలాసేపు చూసి నవ్వాడు.

"అబ్బ, పరవాలేదే. ఏడుస్తావనుకున్నా, కథలు కూడా అల్లుతున్నావు."

నువ్వే వెళ్లి చూసుకో అన్నాను. నువ్వు చెప్పావని నేను సాయంత్రం పూట కొండెక్కాలా అన్నాడు. చూసేవాళ్లు లేకపోతే ఎక్కడు, అది వేరే సంగతి.

ఏప్రిల్ 19, శనివారం

ఇది రాయాలని లేదు. రాస్తాను.

పొద్దున్నే వెళ్లి దిగుడు మొదట్లో నిలబడ్డాను, సైకిల్ దారికి అడ్డంగా పెట్టి. మంచు పడుతోంది. ఎక్కడో అడవి టర్కీ కోళ్లు అరుస్తున్నాయి. చాలాసేపటికి వాళ్లొచ్చారు. ముందు గార్లండ్, వెనక పాతికమంది దాకా రంగురంగుల జెర్సీలు. ఆగండి, కింద గొలుసు ఉంది, దిగితే చస్తారు అని అరిచాను.

అందరూ ఆగారు. ఆ ఒక్క క్షణం నన్ను నమ్మారు.

గార్లండ్ వెనక్కి తిరిగి, "క్షమించాలి, ఈవిడ నా మాజీ భార్య. టూర్‌లో ఇదీ భాగమే, అదనపు ఛార్జీ లేదు" అన్నాడు. నవ్వులు. నేను వెళ్లి చూసి ఈల వేస్తాను, అప్పుడు రండి అని వాళ్లకి చెప్పి, నా ముందు చక్రాన్ని తన చక్రంతో పక్కకి తోసి దిగిపోయాడు. గార్లండ్ అని అరిచాను. గొంతు చీలిపోయేలా అరిచాను. వాడి పేరు అలా పిలిచి ఎన్నేళ్లయిందో.

నిశ్శబ్దం. తర్వాత కింది నుంచి ఈల.

హుషారుగా, రెండుసార్లు.

వాళ్లు ఒక్కొక్కరే నన్ను దాటి దిగిపోయారు. ఒక పెద్దావిడ ఆగి నా భుజం తట్టింది. "వదిలెయ్ తల్లీ. నాకూ విడాకులయ్యాయి. మొదటి రెండేళ్లే కష్టం" అంది.

వెనకాలే నేనూ దిగాను. గొలుసు లేదు. గుంజలు మాత్రం ఉన్నాయి.

ఏప్రిల్ 21, సోమవారం

గొలుసు మళ్లీ ఉంది.

డ్వైట్‌ని అడిగాను. శనివారం పొద్దున్న గడ్డి ట్రెయిలర్ తేవాలని తాళం తీశాడట, మధ్యాహ్నం మళ్లీ వేశాడట. "ఏం, నీ మొగుడు దొరకలేదని బాధా?" అన్నాడు.

ఫోన్‌తో ఫోటో తీసి గార్లండ్‌కి పంపాను. వెళ్లలేదు. నా నంబరు బ్లాక్ చేశాడు.

షాపు దగ్గరే. వెళ్లొచ్చు. ఫోటో చూపిస్తే ఏమంటాడో కూడా తెలుసు, ఎవరు కట్టారు, నువ్వేనా అంటాడు. పక్కన కస్టమర్లు ఉంటారు.

వెళ్లలేదు.

ఏప్రిల్ 24, గురువారం

వెళ్లలేదు. శనివారం నేను గొలుసని అరిచిన సంగతి ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. కాఫీ కొట్టులో అమ్మాయి కప్పు ఇస్తూ, చూసుకోండి మేడమ్, అడుగున గొలుసుంటుందేమో అంది.

గుంపులో ముందు దిగేది ఎప్పుడూ గార్లండే. ఇంకెవరినీ ముందు పోనివ్వడు. ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

ఏప్రిల్ 26, శనివారం, ఉదయం 8

బూట్లు వేసుకున్నాను. హెల్మెట్ బల్ల మీద ఉంది. పంది కాలేయంతో చేసే లివర్‌మష్ ముక్కలు వేయించుకున్నాను, మాడేదాకా వేయించాను. తిన్నాను. ఇంకో కప్పు కాఫీ పోసుకున్నాను. వాళ్లు ఇప్పటికి చర్చి దాటి ఉంటారు.

ఈ కప్పు అయ్యాక వెళతాను.

అదే రోజు, మధ్యాహ్నం

కప్పు అయ్యాక వెళ్లాను. తక్కువ గేరులో, తొందరేమీ లేనట్టు తొక్కాను. సగం ఎత్తులో ఉండగా అంబులెన్స్ నన్ను దాటింది.

గార్లండ్ గొలుసుకి తగిలి పడ్డాడు, దవడ విరిగింది, కాలర్ ఎముక విరిగింది. వెనకవాళ్లు అరుపు విని ఆగారు కాబట్టి ఇంకెవరూ పడలేదు. స్ట్రెచర్ మీద వాడి ముఖం చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూశాయి.

ఏప్రిల్ 27, ఆదివారం

షెరీఫ్ ఆఫీసు నుంచి డెప్యూటీ వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మర్యాదగానే మాట్లాడాడు.

నిన్న అక్కడున్నవాళ్లలో నలుగురు పోయిన శనివారం కూడా వచ్చారట. ఈవిడే దారికి అడ్డం నిలబడి గొలుసు ఉంది, చస్తారు అని బెదిరించింది, అప్పుడు గొలుసు లేదు, వారం తిరిగేసరికి ఉంది అని చెప్పారట. నేను గొలుసుకి ఏదో కడుతుంటే చూశానని డ్వైట్ చెప్పాడట. వాడు అబద్ధం చెప్పలేదు. ఏం కట్టానో మాత్రం చెప్పలేదు.

మిస్ వెర్లీని అడగండి అన్నాను. అడిగాం మేడమ్, ఆవిడ తలుపు తియ్యలేదు అన్నాడు. ఊరు వదిలి వెళ్లొద్దన్నాడు.

ఏప్రిల్ 28, సోమవారం

సైకిల్ రెండు టైర్లూ కోసేశారు. నా వరండాలోనే, నేను ఇంట్లో ఉండగానే.

ఏప్రిల్ 29, మంగళవారం

మిస్ వెర్లీ పాత ట్రక్ నా ఇంటి ముందు ఆగింది. దిగలేదు. అద్దం దించి రమ్మన్నట్టు వేలు ఆడించింది.

షెరీఫ్ దగ్గరి నుంచే వస్తోందట. గొలుసు నాది, గుంజలు నావి, డ్వైట్‌తో కట్టించింది నేనే, రెయిన్‌కోటు విప్పించిందీ నేనే అని చెప్పేసిందట. కేసు పెడతామన్నారట. పెట్టుకోమందట.

థాంక్స్ అన్నాను.

"నీ కోసం కాదు. నేను చేసిన పని ఇంకొకరి పేరు మీద చలామణి అయితే నాకు గిట్టదు. అంతే."

ఇంజిన్ ఆపలేదు. గేరు వేస్తూ ఆగింది.

"ఒక్క సంగతి చెప్పు. ముందు శనివారం అంత పొద్దున్నే వచ్చి అడ్డం నిలబడ్డావే. మొన్న ఎందుకు రాలేదు?"

నేను వరండాలో కోసేసిన టైర్ల వైపు చూశాను.

"పైదారి నా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. నువ్వొస్తావని చూస్తూ కూర్చున్నా. నువ్వొచ్చి ఆపుతావులే అనుకున్నా."

అద్దం ఎక్కించుకుని వెళ్లిపోయింది.

మే 3, శనివారం

ఆ పొలంలోకి ఇంకెవరూ వెళ్లడానికి లేదు, నేను కూడా. నా టూర్ మూసేశాను. డబ్బు కట్టినవాళ్లకి తిరిగి పంపించాను. కొత్త టైర్లు వేసుకుని హైవే మీద ఒకసారి తొక్కాను. లారీలు హారన్ కూడా కొట్టలేదు. పక్కనుంచి పోయాయి, నేను లేనట్టే.

మే 7, బుధవారం

గార్లండ్ నంబరు నుంచి ఫోన్. దవడకి తీగలు వేసి బిగించారు, మాట్లాడలేడు. ఊపిరి మాత్రం వినిపించింది.

"ఆ శనివారం కావాలనే రాలేదు" అన్నాను.

ఊపిరి ఆగింది. తర్వాత మళ్లీ మొదలైంది. ఫోన్ వాడూ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు.