గులాబీ బ్రేక్‌ఫాస్టు, గోంగూర డబ్బా

కానింగ్ వేల్,
ఆదివారం, ఆరాధన నుంచి రాగానే.

ప్రియమైన మీకు మీ రూత్ వందనాలు. దేవుని కృప వల్ల నేను, పిల్లలు హాయిగా ఉన్నాం. గని క్యాంపులో ఆ ఎర్రదుమ్ము మధ్య మీరూ అలాగే ఉన్నారని నమ్ముతాను. రోజూ ఫోనుండగా ఈ ఉత్తరాలేంటని మీ కూతురు జూడీ నవ్వుతుంది. ఫోను మోగగానే తనే లాక్కుంటుందిగా, ఇక మొగుడితో నేనెప్పుడు మాట్లాడాలి?

మీ ప్రశ్నలకు జవాబులు. నిమ్మచెట్టు పూత వేసింది. మీ కొడుకు మార్క్ డ్రైవింగ్ టెస్టు పాసయ్యాడు, రెండోసారికి. వీడియోలో ఎందుకంత చిక్కావని అడిగారు. దానికి చివర్లో వస్తాను.

ముందు నిన్నటి సంబరం. రొమ్ము క్యాన్సర్ సంస్థకు విరాళం కోసం మన మహిళా బృందం ఏటా అక్టోబరులో చేసే బ్రేక్‌ఫాస్టు గుర్తుందిగా? ఆ జబ్బు ప్రచారానికి గుర్తయిన గులాబీ రిబ్బన్లు, గులాబీ చీరలు, గులాబీ కేకులు, ఖర్చు పెట్టుకునే ఇళ్ళ ఏజెంటు ఫొటోతో గులాబీ బ్యానరు. ఆ రంగు మీద నాకు కోపం లేదండీ, దాని పుణ్యమా అనే నేను మామోగ్రామ్‌కి, అదే ఆ రొమ్ము పరీక్షకి, వెళ్ళాను. కానీ ఈ ఏడు కథ ఆగస్టులోనే అడ్డం తిరిగింది.

ఏర్పాట్ల మీటింగు మనింట్లో పెట్టుకున్నాం. భోజనాల దగ్గర అధ్యక్షురాలు సత్యభామ ఆంటీ గోంగూర కోసం ఫ్రిజ్ తెరిచింది. మనింట్లో ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం ఉండదని పిల్లలకు తెలుసు, ముట్టుకోరు. ఆ ధైర్యంతోనే అలాంటి డబ్బాలో ఒక వస్తువు దాచాను. పచ్చడి ఉండేది అందులోనేనని ఆంటీకి తెలుసన్న సంగతి మరిచాను.

"ఇదేంటే రూత్? గోంగూర అనుకుని తీస్తే ట్యూబులున్నాయి!"

చెప్పక తప్పలేదు. యాభై దాటిన వాళ్ళకి ప్రభుత్వం ఉచితంగా పంపే పేగు క్యాన్సర్ పరీక్ష కిట్, అందులో నా మలం నమూనా, మర్నాడు పోస్టు చెయ్యాలి. ఆంటీ ఆ డబ్బాని వేడి గిన్నెలా వదిలేసింది. మా బృందంలో అందరికన్నా చిన్నది గీతిక పకపకా నవ్వింది.

"మా అత్తయ్య కిట్ ప్యాంట్రీలో ఉందాంటీ, బియ్యం బస్తా వెనక. నేనే దాచా, గెస్టులు చూస్తారని!"

"నావి మూడున్నాయే, సూట్‌కేసులో," అంది ఆంటీ నెమ్మదిగా.

ఇక నవ్వులే నవ్వులు. ఆ ఊపులో, దీని గురించి కూడా బ్రేక్‌ఫాస్టులో చెబుదామన్నాను.

"స్పాన్సర్ ఒప్పుకోడే. అంతా పింక్ థీమే అన్నాడు. పేగుకి రంగేముంది, రిబ్బనేముంది?"

"రంగు లేకపోతే జబ్బు కూడా లేదా ఆంటీ?"

నాకెక్కడి నుంచి వచ్చిందో ఆ నోరు! తీరా అడిగితే, తిండి దగ్గర ఆ మాటెత్తితే బ్యానరు ఇవ్వనన్నాడట ఏజెంటు. దాంతో ఆంటీకి ఒళ్ళు మండింది. "మన బ్రేక్‌ఫాస్టులో ఏం మాట్లాడాలో ఇళ్ళమ్మేవాడు చెప్తాడా?" అని పాత దుప్పటి మీద తనే బ్యానరు రాసింది.

నిన్న చూడాలి మీరు! విరాళం ఎప్పటిలాగే పంపాం. కానీ గులాబీ పట్టుచీరలో ఆంటీ గారెల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి, "కిట్ పోస్టు చేశావా?" అని ఒక్కొక్కరినీ నిలదీసింది. బుద్ధిగా తలూపిన వాళ్ళకే గారె. మగవాళ్ళు సిగ్గుతో చచ్చారు.

ఇప్పుడు నా సంగతి. కోప్పడకండి. ఆ పరీక్షలో నాకు రక్తం జాడ ఉందని తేలింది, ఆ దిగులుకే చిక్కాను. రెండు వారాల క్రితం ఉపవాస ప్రార్థనలో ఉన్నానని, ఫోను ఎత్తలేనని చెప్పాను చూడండి, ఆ రోజు ఆసుపత్రిలో ఉన్నాను. ఉపవాసం నిజమే, కెమెరా గొట్టంతో లోపల చూడ్డానికి పేగు ఖాళీ చెయ్యాలన్నారు. ప్రార్థన అంతకన్నా నిజం. గీతికే తీసుకెళ్ళి తీసుకొచ్చింది. లోపల రెండు చిన్న కణుతులుంటే తీసేశారు. రిపోర్టు మొన్న వచ్చింది. క్యాన్సర్ కాదు. వదిలేస్తే కొన్నేళ్ళకు అయ్యేదేమో అంది డాక్టరు. మీరు సెలవుకు వచ్చినప్పుడే చెప్పాల్సింది, మీ ముఖం చూస్తే నోరు రాలేదు. మామయ్యగారిని ఇలాంటిదే ఏదో కడుపునొప్పి తీసుకుపోయిందిగా. పేరు కూడా తెలియలేదు దానికి.

రిపోర్టు చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను, ఆనందంతోనే. తర్వాత ఇల్లంతా సర్దాను. మీ టూల్‌బాక్సు అడుగున మీ కిట్లు రెండు దొరికాయి. ఒకదానికి గడువు దాటింది, రెండోది బాగానే ఉంది. ఐస్‌క్రీం డబ్బా కడిగి, ఆరబెట్టి, మూత మీద మీ పేరు రాసి ఉంచాను.

ఇట్లు,
ఉపవాసం విడిచిన మీ ఇల్లాలు,
రూత్